నాయన నాలుక పక్కన పుండు, రెండు నెలలు దాటింది, నొప్పి లేదంటాడు. ఏం చేయాలి?

కొండపి_కుర్రోడు | జనవరి 11, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల్లో పొగాకు వేస్తాం, ఆకు కాల్చే సొంత బ్యారన్ (కొట్టం) ఉంది. నాయనకు 58 ఏళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చుట్ట తాగుతాడు. మేం పండించే వర్జీనియా కాదు, సంతలో కొనే నాటు పొగాకు చుట్ట, రోజుకు నాలుగైదు.

పండక్కి నిన్న ఇంటికొచ్చా. అన్నం తినేటప్పుడు నాయన కుడి పక్కనే నములుతున్నాడు. ఏంది నాయనా అంటే "ఏం లేదురా, పన్ను గీసుకుంది" అన్నాడు. బతిమాలి నోరు తెరిపించి ఫోన్ లైటు వేసి చూశా. నాలుక ఎడం అంచున, బాగా వెనక్కి, పాత పావలా బిళ్లంత పుండు ఉంది. మధ్యలో తెల్లగా, చుట్టూ గట్టు కట్టినట్టు అంచు లేచి ఉంది. దానికి ఎదురుగా విరిగిన దవడ పన్ను. ఇవి కాక బుగ్గల లోపల, పెదవి మూలల దగ్గర, సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు.

దీపావళి తర్వాత మొదలైందంట. మా ఊరి ఆర్‌ఎంపీ వేడి చేసిందని చెప్పి బి కాంప్లెక్స్ గోళీలు, పూసుకునే జెల్ ఇచ్చాడు. పూస్తే రెండు రోజులు తగ్గినట్టు ఉంటది, మళ్లీ మామూలే. రాచపుండు అయితే నొప్పి ఉండిద్ది కదా, నాకేం నొప్పి లేదు, బ్యారన్ అయిపోనీ చూద్దాం అంటున్నాడు. బ్యారన్ అయిపోయేసరికి మార్చి. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి_అక్క | జనవరి 11, రాత్రి 10:20

తమ్ముడూ, "నొప్పి లేదు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా అమ్మదీ అదే మాట.

అమ్మ జన్మలో చుట్ట, బీడీ ముట్టలేదు. ఆకు, వక్క, సున్నం, అందులో చిటికెడు పొగాకు. నలభై ఏళ్ల అలవాటు. రాత్రి పడుకునేటప్పుడు కూడా ఒక వక్క పలుకు బుగ్గన పెట్టుకునేది. మూడేళ్ల కిందట ఎడమ పక్క కింది పళ్లు రెండు కదిలాయి. ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే చిగుళ్ల జబ్బని రెండూ పీకారు. ఆ క్లినిక్ పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. పన్ను పీకిన గుంట రెండు మూడు వారాల్లో పూడుకోవాలి కదా. నెలైనా పూడలేదు, అందులోంచి ఎర్రగా కండ పెరుగుతూ వచ్చింది. మళ్లీ అక్కడికే వెళ్తే యాంటీబయాటిక్స్ రాసిచ్చారు. ఒకసారి కాదు, మూడుసార్లు. కింది పెదవి ఎడమ సగం తిమ్మిరెక్కి, కాఫీ కారిపోతున్నా తెలియడం లేదని అమ్మ చెప్పినప్పుడు మద్రాసు తీసుకెళ్లాం. అప్పటికి దవడ ఎముకలోకి దిగింది, మెడలో బిళ్లలు కట్టాయి.

ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి, ఒక్కళ్లు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది.

మీ నాయనను రేపే తీసుకెళ్లు. పండగ తర్వాత అనుకోవద్దు.

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | జనవరి 11, రాత్రి 11:05

కావలి అక్క గారూ, మీరు రాసింది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. కారణం లేకుండా పన్ను కదలడం, పీకిన గుంట మానకపోవడం, పెదవి తిమ్మిరి. ఈ మూడూ మాకు చదువులో మొదటే చెబుతారు. అయినా జారిపోతున్నాయి.

కొండపి తమ్ముడూ, ఫోటో చూసి, మాట విని ఇది ఫలానా అని నేను తేల్చలేను, ఎవరూ తేల్చలేరు. కానీ నువ్వు రాసిన నాలుగు సంగతులు నన్ను కలవరపెడుతున్నాయి: నాలుక అంచు, లేచిన గట్టు, రెండు నెలలు, పొగాకు.

ముందు నొప్పి సంగతి. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. అదే దాని మోసం. నరం దగ్గరికి పాకినప్పుడో, పుండుకు చీము పట్టినప్పుడో నొప్పి మొదలవుతుంది. అప్పుడు ఆ పక్క చెవిలోకి పోటు లాగుతుంది. చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లి, చెవి బాగానే ఉందని చెప్పించుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. పుండు సంగతిలో నొప్పి ఎంత అని కాదు, ఎన్ని రోజులు అని అడగాలి.

మామూలు నోటిపూత దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. చిన్నగా, గుండ్రంగా, మధ్యలో పసుపు, చుట్టూ ఎర్రటి గీత. ఉప్పు తగిలితే ప్రాణం పోతుంది. వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. తర్వాత ఇంకోచోట వస్తుంది. ఒకే చోట ఉండి, మానక, మెల్లగా పెద్దదయ్యేది పూత కాదు.

విరిగిన పన్ను గీసుకుని పుండు పడటం నిజంగానే ఉంటుంది. అలాంటప్పుడు మేం ఆ పన్ను మొనను అరగదీసి రెండు వారాలు చూస్తాం. మానితే సరే. మానకపోతే ముక్క తీయాలి. మీ నాయనకు ఇప్పటికే రెండు నెలలు దాటింది, పైగా తెల్ల మచ్చలు. ఇక్కడ ఇంకో రెండు వారాలు చూద్దాం అనే డాక్టర్ దొరికితే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇంకొకటి. మేం గ్లవ్స్ వేసుకుని పుండును వేళ్ల మధ్య పట్టుకుని చూస్తాం. మామూలు పుండు అడుగు మెత్తగా ఉంటుంది. చెడ్డ పుండు అడుగున గట్టిగా, చర్మం కింద చింతగింజ పెట్టినట్టు తగులుతుంది. ఆ గట్టిదనం ఫోటోలో కనపడదు. అందుకే మనిషిని తీసుకురమ్మంటున్నాను. ఒంగోలు పెద్దాసుపత్రిలో పళ్ల విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం రెండూ ఉన్నాయి. రేపు సోమవారం, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకోండి.

పామూరు_పెద్దాయన | జనవరి 12, ఉదయం 5:48

అబ్బాయ్, పెద్దవాణ్ని కాబట్టి ఒక మాట చెప్తున్నా, తప్పుగా అనుకోవద్దు. ముక్క తీయించొద్దు. మా మేనమామకు బుగ్గలో కురుపు లేస్తే ముక్క తీశారు. తీసిన నెలకే నోరంతా పాకింది, ఆర్నెల్లకు పోయాడు. కత్తి తగిలితే ఊరుకోదు ఆ జబ్బు. మా వైపు అందరూ అదే చెప్తారు.

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | జనవరి 12, ఉదయం 6:30

పెద్దాయన గారూ, మీరు మంచి మనసుతోనే చెబుతున్నారు, నాకు తెలుసు. మీ మేనమామ గారికి ముక్క తీసేనాటికి కురుపు లేచి ఎన్నాళ్లయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

పామూరు_పెద్దాయన | జనవరి 12, ఉదయం 6:41

ఏడాది పైనే అయి ఉంటది. పసరు కట్టించాం, మంత్రం వేయించాం.

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | జనవరి 12, ఉదయం 7:02

అదేనండీ. ఏడాది పెరిగిన జబ్బు ఆ నెలలో కూడా పెరిగింది. ముక్క తీసింది కళ్లకు కనపడింది కాబట్టి నేరం దాని మీద పడింది. నోటి పుండులో ముక్క తీయడం వల్ల జబ్బు పాకదు. ముక్క తీశాక, వచ్చిన రిపోర్టు చూసి భయపడి, వైద్యం చేయించకుండా ఇంట్లో కూర్చుంటే మాత్రం పెరుగుతుంది. ఆ ముక్క లేకుండా ప్రపంచంలో ఏ క్యాన్సర్ ఆసుపత్రీ వైద్యం మొదలుపెట్టదు. స్కానింగ్ ఎంత దూరం పోయిందో చెబుతుంది. అది ఏమిటో చెప్పేది ముక్కే.

రంగు నీళ్లు పూసి చూసే పరీక్ష, బ్రష్‌తో గీకి చూసే పరీక్ష కూడా ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి ముక్క తీయాలో తేల్చుకోవడానికి ఉపయోగపడతాయి. అవి బాగున్నాయని ముక్క మానేయకూడదు.

ముత్తుకూరు_డ్రైవర్ | జనవరి 12, ఉదయం 8:15

నమస్తే అన్నా. నాది వేరే సమస్య, ఇందులోనే అడగొచ్చో లేదో. పోర్టులో లారీ తోల్తా ఉండా. వయసు 27. ఆరేడేళ్లుగా ప్యాకెట్ వక్క, జర్దా రెండూ కలిపి నములుతా. రాత్రి డ్యూటీలో నిద్ర రాకుండా ఉంటాదని మొదలుపెట్టినా, ఇప్పుడు రోజుకి పదిహేను ప్యాకెట్లు.

నోట్లో పుండేమీ లేదు. కానీ కారం తగిలితే మంట. మా అమ్మ చేపల పులుసు పెడితే ముద్ద నోట్లో పెట్టుకోంగానే కళ్లల్లో నీళ్లు తిరగతా ఉండాయి. నెల్లూరోడికి పులుసు తినలేకపోతే ఇంకేముంది అన్నా. రెండు నెలల నుంచి నోరు కూడా సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఇడ్లీ తుంచుకుని పక్కనుంచి తోసుకుంటా ఉండా. ఇది కూడా అదేనా?

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | జనవరి 12, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, అద్దం ముందు నిలబడి నోరు ఎంత తెరవగలవో అంత తెరువు. నీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మూడూ ఒకదాని కింద ఒకటి నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పడతాయా చూడు. మూడు పడాలి. రెండే పడితే నోరు బిగుసుకుంటున్నట్టు.

నువ్వు చెప్పింది సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ లాగా ఉంది. క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కు దారి తీయగల జబ్బు. దానికి అసలు కారణం వక్క. బుగ్గ లోపల మెత్తగా సాగే పొర కింద పీచు పేరుకుపోయి, పొర తెల్లగా పాలిపోయి, వేలు పెడితే తాళ్లు లాగినట్టు బిగుతుగా తగులుతుంది. పొగాకు లేని ఒట్టి వక్కపొడి మంచిదే కదా అని మా దగ్గరికి చాలామంది వస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2003లోనే, పొగాకు లేకపోయినా ఒట్టి వక్క కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చింది. గుట్కా నిషేధించాక వక్క ఒక ప్యాకెట్, పొగాకు ఒక ప్యాకెట్ పక్కపక్కనే వేలాడదీసి అమ్ముతున్నారు. నువ్వు కలుపుకుంటున్నది ఆ రెండే.

నిజం చెప్పాలి. పట్టిన పీచు మానేసినా పూర్తిగా పోదు. మానేస్తే ముందుకు పోవడం తగ్గుతుంది. నోటి వ్యాయామాలు, ఇంజెక్షన్లు, అవసరమైతే ఆపరేషన్‌తో కొంత తెరుచుకుంటుంది. నీకు 27 ఏళ్లే. ఈ వారంలో నెల్లూరులో ఏదైనా డెంటల్ కాలేజీకి వెళ్లి నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో కొలిపించుకుని కాగితం మీద రాయించుకో. ఆర్నెల్లకోసారి ఆ అంకెతో పోల్చి చూడాలి. మానడం ఒంటరిగా కష్టం. 1800112356 కు ఫోన్ చెయ్యి, డబ్బు కట్టక్కర్లేదు, పొగాకు మాన్పించడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు.

ముత్తుకూరు_డ్రైవర్ | జనవరి 12, మధ్యాహ్నం 2:03

రెండు వేళ్లు పడతా ఉండాయి. మూడోది పట్టలేదన్నా.

కొండపి_కుర్రోడు | జనవరి 12, సాయంత్రం 6:30

ఒంగోలు నుంచి ఇప్పుడే వచ్చాం. నాయన రానంటే అమ్మ పొలం గట్టు మీదికి పోయి చేయి పట్టుకుని తీసుకొచ్చింది. బ్యారన్ మా బాబాయి చూసుకున్నాడు.

డాక్టరమ్మ గాజుగుడ్డతో నాలుక కొస పట్టుకుని పక్కకు లాగి చాలాసేపు చూసింది. వేలితో నొక్కి చూసి ఏమీ మాట్లాడలేదు, పక్కన ఉన్న ఇంకో డాక్టర్‌ను పిలిచి ఆయన చేత కూడా నొక్కించింది. మెడ కింద రెండు పక్కలా తడిమింది. బుగ్గలో తెల్ల మచ్చను గాజుగుడ్డతో రుద్దితే పోలేదు. పోతే ఫంగస్ అంట, పోకపోతే వేరే అంట. రక్తం పలచబడే మాత్రలు ఏమన్నా వాడుతున్నాడా అని రెండుసార్లు అడిగింది. వాడటం లేదు.

ఒక సూది మందు వేసి పుండు అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క, తెల్ల మచ్చలోంచి ఇంకో ముక్క తీసింది. నాలుకకు ఒక కుట్టు. పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండు చిన్న సీసాల్లో నీళ్లలాంటి మందులో వేసి, మూతల మీద నాయన పేరు, ఏ సీసాలో ఎక్కడిదో రాసింది. ఆ సీసాలు ల్యాబ్‌లో ఇచ్చే పని నాదే. చేతిలో పట్టుకుని కారిడార్‌లో నడుస్తుంటే అంత చిన్న ముక్క మీద ఇంత బరువు ఉంటదా అనిపించింది.

నాయన బయటికొచ్చి "ఇంతేనా" అన్నాడు.

నెల్లూరు_ల్యాబ్ | జనవరి 12, రాత్రి 8:10

నేను పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ను. ఆ సీసాలకు ఏమవుతుందో చెబితే కొంచెం కుదుటపడతారని రాస్తున్నా.

సీసాలోది ఫార్మలిన్. ముక్క కుళ్లకుండా పట్టి ఉంచుతుంది. తర్వాత దాన్ని దశలవారీగా నీరు తీసేసి, కరిగించిన మైనంలో పెట్టి గట్టి దిమ్మ చేస్తాం. దాన్నే బ్లాకు అంటాం. ఆ దిమ్మను మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు లెక్కల్లో, నాలుగైదు వంతుల మందాన పొరలు కోసి గాజుపలక మీద పరిచి రంగులు వేస్తాం. కణం లోపలి గింజ ఊదారంగు, చుట్టూ ఉన్నది గులాబీ. అది పాథాలజిస్టు చూస్తారు. పై పొర కణాలు అడుగున ఉండే గీత దాటి కిందికి దిగాయా లేదా అన్నదే పెద్ద ప్రశ్న. దాటకుండా కణాలు గజిబిజిగా మారితే డిస్‌ప్లేసియా, దాటితే క్యాన్సర్. అందుకే పుండు మధ్యలో చచ్చిన కండ కాకుండా అంచు నుంచి తీస్తారు. మధ్యది పంపితే మాకు ఏమీ తెలియదు, మళ్లీ తీయాలి.

ఇదంతా జరగాలంటే వారం పడుతుంది. ఫోన్లు చేసి ల్యాబ్ వాళ్లను తొందర పెట్టినా మైనం తొందరగా గట్టిపడదు. రిపోర్టుతో పాటు పలకలు, బ్లాకు కూడా అడిగి తీసుకోండి. మద్రాసు పోయినా తిరుపతి పోయినా అక్కడ వాళ్లు మళ్లీ వాటినే చూస్తారు. లేకపోతే ఇంకోసారి ముక్క తీస్తారు.

ఉదయగిరి_ఏఎన్ఎం | జనవరి 12, రాత్రి 9:37

ఉదయగిరి వైపు సబ్ సెంటర్‌లో పనిచేస్తున్నా. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చూడాలని మాకు డ్యూటీ. ఇంటింటికీ వెళ్తాం. నోరు తెరవమంటే మగవాళ్లు సిగ్గుపడి తప్పించుకుంటారు. ఆడవాళ్లు రొమ్ము పరీక్షకు వస్తారు, నోరు చూపించమంటే నేను చుట్ట తాగను కదమ్మా అంటారు. బుగ్గలో వక్క ఉండనే ఉంటుంది.

కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలుపెట్టి 13 పంచాయతీ ప్రాంతాల్లో జనాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగంలో శిక్షణ ఇచ్చిన కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి లైటు వేసి నోళ్లు చూశారు. డాక్టర్లు కాదు, మాలాంటి వాళ్లే. 2005లో ఫలితాలు వచ్చాయి. పొగాకు, మందు అలవాటు ఉన్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. లైటు, కళ్లు, ఇంతే పెట్టుబడి. శిక్షణలో ఈ సంగతి విన్నప్పటి నుంచి నేను టార్చి లేకుండా ఏ ఇంటికీ పోలేదు.

ఇంట్లో మీరే చూసుకోవాలంటే, కట్టుడు పళ్లు ఉంటే తీసేయండి. వెలుతురులో అద్దం పెట్టుకుని పెదవులు మడిచి లోపల, బుగ్గలు వేలితో లాగి లోపల, చిగుళ్లు చూడండి. నాలుక పైకి ఎత్తి కింద నేల చూడండి, తల వెనక్కి వాల్చి అంగిలి చూడండి. నాలుక పక్కలు మాత్రం అందరూ వదిలేస్తారు. శుభ్రమైన గుడ్డతో కొస పట్టుకుని అటూ ఇటూ బాగా లాగితేనే వెనక భాగం కనపడుతుంది. చివరగా దవడ కింద, మెడ పక్కల వేళ్లతో తడమండి. ఒక పక్క ఉండి ఇంకో పక్క లేనిది ఏదైనా సరే చూపించుకోండి. కట్టుడు పళ్లు ఉన్నట్టుండి పట్టకపోవడం, మింగుడు పడకపోవడం, గొంతు మారడం కూడా చెప్పాలి.

కృష్ణపట్నం_కోడలు | జనవరి 13, ఉదయం 10:12

డాక్టర్ గారూ, మా అత్తగారిది శ్రీకాకుళం. మావారి ఉద్యోగం పోర్టులో అని మాతోనే ఇక్కడ ఉంటున్నారు. ఆవిడ అడ్డపొగ తాగుతారు. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుంటారు కదా. ఏఎన్ఎం గారు చెప్పినట్టు నిన్న అంగిలి చూశాను. బూడిద తెలుపుగా మారి, మధ్యలో ఎర్రటి చుక్కలు ఉన్నాయి. ఒకచోట పొర ఊడి ఎర్రగా ఉంది.

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | జనవరి 13, ఉదయం 11:50

అమ్మా, ఆ ఎర్ర చుక్కలు లాలాజల గ్రంథుల నోళ్లు, వేడికి వాచి అలా కనపడతాయి. చుట్ట మామూలుగా తాగేవాళ్లలో అంగిలి ఇలా మారితే మానేశాక చాలావరకు తగ్గుతుంది. అడ్డపొగ తాగేవాళ్లలో అలా అనుకోవడానికి లేదు. నిప్పు, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. ఉత్తరాంధ్ర తీరంలో అంగిలి క్యాన్సర్లు ఎక్కువగా కనిపించడానికి కారణం ఈ అలవాటే. పొర ఊడి ఎర్రగా ఉన్నచోటు ముక్క తీయాలి. తెలుపు కంటే ఎరుపు ఎక్కువ ప్రమాదం. ఆవిడను కోప్పడకుండా తీసుకెళ్లండి, కోప్పడితే నోరు మూసేస్తారు.

కొండపి_కుర్రోడు | జనవరి 21, మధ్యాహ్నం 3:25

రిపోర్టు వచ్చింది. చూసింది చూసినట్టు రాస్తున్నా. నాలుక పుండు: వెల్ డిఫరెన్షియేటెడ్ స్క్వామస్ సెల్ కార్సినోమా. బుగ్గ మచ్చ: మైల్డ్ డిస్‌ప్లేసియా. "వెల్" అని ఉంటే బాగున్నట్టేనా? అమ్మకు ఏమని చెప్పాలి?

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | జనవరి 21, మధ్యాహ్నం 3:58

తమ్ముడూ, ఇది క్యాన్సరే. మెత్తగా చెప్పి నిన్ను మభ్యపెట్టను. "వెల్" అంటే బాగుంది అని కాదు. క్యాన్సర్ కణాలు ఇంకా అసలు పొర కణాల పోలికలు నిలుపుకున్నాయని. మూడు రకాల్లో నెమ్మదైనది. బుగ్గలోది క్యాన్సర్ కాదు, మారడం మొదలుపెట్టిన పొర. చుట్ట ఇవాళే ఆపాలి, దాన్ని గమనిస్తూ ఉండాలి.

ఇప్పుడు తేలాల్సింది ఎంత దూరం పోయింది అన్నది. నాలుకకు ఎంఆర్ఐ మంచిది, మెడను కూడా అందులోనే చూస్తారు. 2018 నుంచి వాడుతున్న స్టేజీ లెక్కల్లో పుండు వెడల్పు ఒక్కటే కాదు, లోతు కూడా చూస్తారు. రెండు సెంటీమీటర్ల లోపు వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోపు లోతు, మెడలో బిళ్లలు లేకపోతే మొదటి స్టేజీ. నెలల తరబడి ఎదురుచూసి రెండో, మూడో, నాలుగో స్టేజీలో వచ్చేవాళ్లే మన దేశంలో ఎక్కువ.

తిరుపతిలో అలిపిరి దగ్గర 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మద్రాసులో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో మొదలుపెట్టింది. మీకు గుంటూరు కూడా దగ్గరే. వైద్యసేవ కార్డుతో చేయించుకోవాలంటే వెళ్లే ముందే ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో కనుక్కో. ఆధార్, రైస్ కార్డు, రిపోర్టు, పలకలు, బ్లాకు ఒకే సంచిలో పెట్టుకో.

అమ్మకు నిజం చెప్పు. గట్టు మీద నుంచి చేయి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి ఆవిడే.

పామూరు_పెద్దాయన | జనవరి 21, సాయంత్రం 7:15

అబ్బాయ్, ఆ రోజు నా మాట వినకుండా మంచి పని చేశావు. తోడు మనిషి కావాలంటే నేను వస్తా. నాకు పని ఏముంది.

కొండపి_కుర్రోడు | ఫిబ్రవరి 6, రాత్రి 8:44

తిరుపతి పోయొచ్చాం. పామూరు పెద్దాయన నిజంగానే వచ్చాడు. ఎంఆర్ఐలో పుండు 1.8 సెంటీమీటర్లు, లోతు 4 మిల్లీమీటర్లు. మెడలో అనుమానంగా ఏమీ కనపడలేదు. మొదటి స్టేజీ అన్నారు. ఆపరేషన్ ఫిబ్రవరి 19. నాలుకలో కొంత భాగం తీస్తారు, అదే పక్క మెడలో గ్రంథులు కూడా తీస్తారంట. మెడలో ఏమీ లేదన్నప్పుడు మెడ ఎందుకు కోయాలని నాయన అడుగుతున్నాడు. అక్కడ సిగ్గుపడి అడగలేదు.

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | ఫిబ్రవరి 6, రాత్రి 9:30

చాలా మంచి ప్రశ్న, సర్జన్‌ను కూడా అడగమను. మెడలోకి దిగిన కణాలు కొన్నిసార్లు స్కానింగ్‌కు అందనంత చిన్నగా ఉంటాయి. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు ఇదే ప్రశ్న మీద పెద్ద పరిశోధన చేసి 2015లో ఫలితాలు ఇచ్చారు. తొలి దశ రోగుల్లో సగం మందికి ముందే మెడ గ్రంథులు తీశారు, మిగతావాళ్లకు బిళ్ల కనపడ్డాకే తీశారు. మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు ముందే తీసిన గుంపులో 80 శాతం, ఆగి చూసిన గుంపులో 67.5 శాతం. అందుకే ఇప్పుడే తీస్తామంటున్నారు. తీసిన గ్రంథుల రిపోర్టు వచ్చాక రేడియేషన్ కావాలో వద్దో చెబుతారు. ఆ లోపు విరిగిన దవడ పన్ను సంగతి కూడా తేల్చమని అడుగు, రేడియేషన్ తర్వాత పళ్లు పీకితే ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

ముత్తుకూరు_డ్రైవర్ | ఫిబ్రవరి 7, ఉదయం 6:20

అన్నా, డెంటల్ కాలేజీకి పోయినా. 27 మిల్లీమీటర్లు అని రాసిచ్చినారు. పుండ్లు, మచ్చలు ఏమీ లేవన్నారు. మానేసి 19 రోజులు. మొదటి వారం పిచ్చెక్కినట్టు ఉండింది, ఆ నంబరుకి నాలుగుసార్లు చేసినా. ఇప్పుడు కొంచెం చల్లబడ్డా. వ్యాయామం రోజూ చేస్తా ఉండా. మొన్న అమ్మ పులుసులో కారం తగ్గించి చేసింది, తిన్నా.

కొండపి_కుర్రోడు | ఫిబ్రవరి 8, సాయంత్రం 6:05

ఒక విషయం. నాయన ఈ రోజు బ్యారన్ దగ్గర పనికొచ్చిన ఆరుగురిని వరసగా కూర్చోబెట్టాడు. నా ఫోన్ లైటు వేయమని, గుడ్డముక్కతో వాళ్ల నాలుకలు వాళ్ల చేతే పట్టించి ఒక్కొక్కరివి చూపించాడు. ఒకాయనకు, 50 ఏళ్లు ఉంటాయి, బుగ్గ లోపల మఖమల్ గుడ్డలాగా ఎర్రటి మచ్చ ఉంది. నొప్పి లేదంట. బీడీలు, ఖైనీ రెండూ ఉన్నాయి. రేపు కాక పై సోమవారం ఒంగోలు వస్తానన్నాడు.

ఒంగోలు_పళ్ల_డాక్టర్ | ఫిబ్రవరి 8, సాయంత్రం 6:31

ఎర్ర మచ్చ అయితే వచ్చే వారం దాకా వద్దు. రేపు తీసుకురా.

కొండపి_కుర్రోడు | ఫిబ్రవరి 8, సాయంత్రం 7:10

చెప్పా. రేపటి కూలి డబ్బులు నాయన ఇస్తానన్నాడు. పొద్దున మొదటి బస్సుకు ముగ్గురం వస్తున్నాం.